ఆ గది తలుపు వేసేసి, హాల్లోకి రా

చి. వంశీకి,

ఆశీస్సులు. నీ సీరియల్ కోసం రాసి పంపిన పన్నెండు సీన్లూ రెండేసి సార్లు చదివాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ ఇలాంటి విషయం ఫోన్లో మొదలుపెడితే సగం చెప్పి సగం మింగేస్తాం. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

చానెల్ వాళ్ళు నీకిచ్చిన లైన్ ఒక్క ముక్కే. హీరోయిన్ చెల్లెలి మీద అఘాయిత్యం జరుగుతుంది, ఇంట్లో ఎవరూ నమ్మరు, నలభై ఎపిసోడ్లు నడపాలి. నీకిది మొదటి పెద్ద ట్రాక్. గురువారం వచ్చే రేటింగుల భయం నీ ప్రతి సీన్ చివరా కనిపిస్తోంది. ఆ భయాన్ని తప్పుపట్టను. నేనూ ఏళ్ళ తరబడి గురువారాలు లెక్కపెట్టుకుంటూనే బతికాను.

ఏడో సీన్ మూడు పేజీలు రాశావు. వాన, కరెంటు పోవడం, పగిలిన గాజులు, చిరిగిన జాకెట్టు చెయ్యి, దేవుడి పటం ముందు దీపం ఆరిపోవడం. ఎనిమిదో సీన్లో ఆ పిల్ల ఇంటికొచ్చి చెబుతుంది. అది సగం పేజీ. నాయనమ్మదో మాట, తల్లిదో చెంపదెబ్బ, ఆ పైన "అందరూ షాక్. తండ్రి కుర్చీలో కూలబడతాడు. ఒక్కొక్కరి మొహం మీద మూడేసి సార్లు జూమ్. కట్." అంతే.

వంశీ, నీ కథ ఆ సగం పేజీలో ఉంది. మూడు పేజీల సీన్ మొత్తం కొట్టెయ్. ఆ గది తలుపు వేసేసి, హాల్లోకి రా. ఆ పిల్ల నోరు తెరిచినప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరి చేతిలో ఏముంది, ఎవరు ముందు మాట్లాడారు, ఎవరు లేచి వీధి తలుపు వేశారు, అవి రాయి.

ఎందుకంటున్నానో తెలియాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి.

ఇరవై ఏళ్ళ కిందట నేనూ ఇలాంటి ట్రాకే రాశాను. ఏ సీరియల్, ఏ చానెల్ అన్నది ఇప్పుడనవసరం. అచ్చం నీ ఏడో సీన్ లాంటి సీనే. ఆ పిల్ల ఆ రాత్రి నుంచి అన్నం ముట్టదు, తల దువ్వుకోదు, మూడు వారాల పాటు గోడకు చేరబడి ఏడుస్తూనే ఉంటుంది. రేటింగులు బాగా వచ్చాయి. ఆ రోజుల్లోనే మా అమ్మగారి ఊరు వెళ్ళాను. పెద్దమ్మ వరస ఆవిడింట్లో దిగితే, పక్కింటి అమ్మాయి సాయానికి వచ్చింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పెరట్లో అరుగు మీద నా పక్కన కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తూ, తల ఎత్తకుండా అంది: "మీ సీరియల్లో అమ్మాయి ఎంత ఏడుస్తుందండీ. నాకు ఏడుపు రాలేదు. మా అమ్మకి చెప్పినప్పుడు కూడా రాలేదు. నిజంగా జరిగుంటే ఆ టీవీలో పిల్లలా ఉండేదానివి గానీ ఇలా కూర్చుని పెరుగన్నం తింటావా అంది మా అమ్మ."

ఇంకో బీరకాయ తీసుకుంది. చివర కోసి, నాలిక మీద పెట్టి చేదు చూసి, మళ్ళీ చెక్కు తీయడం మొదలుపెట్టింది. నేను నోరు విప్పలేకపోయాను.

ఆ రోజు తెలిసింది నాకు, మనం రాసేది కాలక్షేపం ఒక్కటే కాదని. నిజంగా దెబ్బతిన్న ఆడపిల్ల ఎలా ఉంటుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. చూపించేది మనమే. మనం చూపించినట్టు ఏడవని పిల్ల అబద్ధాలకోరు అయిపోతుంది. ఆ తల్లి తన కూతుర్ని కొలవడానికి వాడిన కొలబద్ద నేను చేసిచ్చిందే.

ఈ సంగతిని ఇంతకంటే బాగా పట్టుకున్న డ్రామా ఒకటుంది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'అన్‌బిలీవబుల్'. ఎనిమిది ఎపిసోడ్లే. అది కట్టుకథ కాదు. 2015లో ప్రోపబ్లికా, మార్షల్ ప్రాజెక్ట్ అనే రెండు వార్తా సంస్థలు కలిసి రాసిన కథనం దానికి ఆధారం, ఆ కథనానికి మరుసటి ఏడు పులిట్జర్ అనే జర్నలిజం అవార్డు వచ్చింది. 2008 ఆగస్టులో, అమెరికాలో సియాటిల్ దగ్గర లిన్‌వుడ్ అనే ఊళ్ళో, పద్దెనిమిదేళ్ళ అమ్మాయి తన అపార్ట్‌మెంట్‌లోకి ఎవడో చొరబడి తనను కట్టేసి బలాత్కరించాడని పోలీసులకు చెప్పింది. అమ్మానాన్నల దగ్గర పెరగలేదు, ఇల్లు మారుతూ పెంపుడిళ్ళలో పెరిగింది. ఆమెను అనుమానించింది మొదట పోలీసులు కాదు, ఆమెను పెంచినవాళ్ళే. చెబుతున్నప్పుడు గొంతులో వణుకు లేదట. మర్నాడు పక్క దుప్పట్లు కొనడానికి షాపుకెళితే, పోలీసులు సాక్ష్యంగా తీసుకెళ్ళిన దుప్పటి లాంటిదే కావాలని పట్టుబట్టి, అది దొరక్కపోతే కోపగించుకుందట. "అంత జరిగాక అదే దుప్పటి ఎవరైనా కోరుకుంటారా" అని ఆ పెంపుడు తల్లికి అనిపించింది.

ఆ దుప్పటి దగ్గర ఆగు. ఆ అమ్మాయికి జీవితంలో మొదటిసారి తనదంటూ ఒక ఇల్లు, తను ఎంచుకున్న ఒక పక్క. వాడు వచ్చి దాన్ని పాడుచేశాడు. మళ్ళీ అదే పక్క అదే రంగుతో వేసుకుంటే నిన్నటి దాకా ఉన్న ఇల్లు తిరిగి వస్తుందేమోనన్న ఆశ. మనసు అలా పనిచేస్తుంది. పక్కనున్న మనిషికి మాత్రం అది అబద్ధానికి గుర్తుగా కనిపించింది. పదే పదే చెప్పించి, చిన్న చిన్న తేడాలు పట్టుకుని ఒత్తిడి చేస్తే, చివరికి "అంతా నేనే కల్పించాను" అని రాసిచ్చింది. తప్పుడు ఫిర్యాదు చేసిందని ఆమె మీదే కేసు పెట్టారు. కోర్టు ఖర్చుల కింద 500 డాలర్లు కట్టింది. 2011లో కొలరాడో రాష్ట్రంలో ఇద్దరు మహిళా డిటెక్టివులు వేరే కేసుల మీద వెంటాడి ఒకణ్ణి పట్టుకుంటే, వాడు తీసిన ఫొటోల్లో ఈ అమ్మాయివీ బయటపడ్డాయి. ఆ తర్వాత లిన్‌వుడ్ నగరపాలక సంస్థ ఆమెకు లక్షా యాభై వేల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది.

ఆ డ్రామాలో దాడిని ఎలా చూపించారో గమనించు. ముక్కలు ముక్కలుగా, ఆ అమ్మాయికి గుర్తొచ్చినంత మేరకే, ఆమె కళ్ళ వెంటే. ఆమె శరీరాన్ని మనం బయట నిలబడి చూసే షాట్ కోసం ఆరాటం లేదు. ఎక్కువ సేపు చూపించింది ఆమెను ఒకరి తర్వాత ఒకరు మళ్ళీ మొదట్నుంచి చెప్పమనడం. మొదటిసారి విన్నప్పుడు నీకు జాలేస్తుంది. మూడోసారికి నువ్వే అలసిపోతావు. అప్పుడు తెలుస్తుంది, ఆమె ఎంత అలసిపోయిందో.

ఇప్పుడు నీ చిరిగిన జాకెట్టు సంగతి. అది ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసా? 1972లో మహారాష్ట్రలో ఒక గిరిజన అమ్మాయిని పోలీస్ స్టేషన్లోనే కానిస్టేబుళ్ళు చెరిచారన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఒంటి మీద గాయాల్లేవు, పెనుగులాడిన గుర్తుల్లేవు, కాబట్టి ఒప్పుకునే ఉంటుందని కోర్టు వాళ్ళను వదిలేసింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఆడవాళ్ళు రోడ్డెక్కారు. 1983లో చట్టం మారింది. 2013లో ఇంకా విడమరిచి రాశారు: పెనుగులాడలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదని. చట్టం మారి నలభై ఏళ్ళు దాటినా మన సీరియళ్ళ కాస్ట్యూమ్ మారలేదు. ఇప్పటికీ జాకెట్టు చిరిగితేనే నిజం, గాజులు పగిలితేనే నిజం. భయంతో కొయ్యబారిపోయే ఆడవాళ్ళు ఎందరో. చెయ్యి కదలదు, గొంతు పెగలదు. నీ సీన్ చూసి వాళ్ళేమనుకుంటారు? "నేను అరవలేదు కదా, నాదే తప్పేమో" అనుకుంటారు. పక్కవాళ్ళేమంటారు? "అరవలేదా?" అంటారు.

మన హైదరాబాద్ సంగతే చూడు. 1978లో సెకండ్ షో చూసి భర్తతో ఇంటికి వస్తున్న ఒక ఆమెను పోలీసులు పట్టుకుని నల్లకుంట స్టేషన్‌కు తీసుకెళ్ళారు. ఆమె మీద అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కుకునే భర్త ఎదురు తిరిగితే కొట్టారు, అతను చనిపోయాడు. ఊరు అట్టుడికింది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కానీ పోలీసుల తరఫు వాదన అంతా ఆమె ఎలాంటిదన్న దాని మీదే నడిచింది, వేశ్య అన్నారు. కేసు రాయచూరు కోర్టుకు మారింది, 1981లో నిందితులు విడుదలయ్యారు. ఆమె పేరు అప్పట్లో అందరి నోళ్ళలోనూ నలిగింది, అందుకే నేనిక్కడ రాయడం లేదు. "వాడేం చేశాడు" అన్న ప్రశ్నను "ఆమె ఎలాంటిది" అన్న ప్రశ్నగా మార్చేయడం ఎంత తేలికో చెప్పడానికే ఇది ఎత్తాను. నీ ఎనిమిదో సీన్లో నాయనమ్మ "నువ్వసలు ఆ టైంలో అక్కడికెందుకెళ్ళావే" అనగానే ఆ మార్పు జరిగిపోతుంది. ఆ మాట నాయనమ్మ చేత అనిపించు, తప్పులేదు, మన ఇళ్ళల్లో అంటారు. అన్నాక కెమెరా నాయనమ్మ మీద ఉంచకు. ఆ మాట వింటున్న పిల్ల మీద ఉంచు.

ఇక నీ విలన్. వాడి పేరు విక్రాంత్. నల్ల చొక్కా, చేతికి కడియం, వచ్చినప్పుడల్లా ఒక వెకిలి నవ్వు, వెనక ఒక మ్యూజిక్. అలాంటివాణ్ణి ఏ ఇల్లాలైనా గేటు దగ్గరే ఆపేస్తుంది. మన దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో నూటికి తొంభై అయిదుకు పైగా కేసుల్లో నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడని జాతీయ నేర గణాంకాల సంస్థ 2021, 2022 లెక్కలు చెబుతున్నాయి. బంధువు, పక్కింటివాడు, అన్నయ్య స్నేహితుడు, ట్యూషన్ మాస్టారు, మేనబావ. అందరూ నవ్వుతూ లోపలికి రమ్మని పిలిచిన మనుషులు.

కాబట్టి విక్రాంత్‌ను తీసేసి, ఆ ఇంట్లో అందరికీ ఇష్టమైన బావను పెట్టు. ఎలాంటి బావ? అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులని తెలిసి, వచ్చీ రాగానే చెప్పులు విప్పి ముందు ఆవిడ మంచం దగ్గరికే వెళ్ళేవాడు. "మందేసుకున్నావా అమ్మమ్మా" అని అడిగేవాడు. గ్యాస్ బండ వస్తే వంటింట్లోకి తనే దొర్లించుకెళ్ళి, రెగ్యులేటర్ బిగించి, సబ్బు నురగ రాసి లీకు చూసి, చేతులు కడుక్కుని బయటికొచ్చేవాడు. మామయ్యకు రిజిస్ట్రార్ ఆఫీసులో పని పడితే స్లాట్ బుక్ చేసిపెట్టి, తనే బండి మీద తీసుకెళ్ళేవాడు. పెళ్ళిలో వడ్డనకు నిలబడితే ఆఖరి బంతి లేచేదాకా తను విస్తరి ముందు కూర్చోనివాడు.

అలాంటివాడి మంచితనం ఎవరి కోసమో ఆలోచించు. ఆ అమ్మాయిని బుట్టలో వేసుకోవడానికని మనం అనుకుంటాం. కాదు, ఇల్లంతటి కోసం. ఆ పిల్ల నోరు తెరిచే రోజుకి ఆ హాల్లో అయిదుగురు వాడి తరఫు సాక్షులు తయారై ఉంటారు. ఎవరూ వాళ్ళకు నేర్పక్కర్లేదు. "మీ బావ అలాంటోడు కాదే" అన్న మాట వాళ్ళ నోటి వెంట దానంతటదే వస్తుంది, ఎందుకంటే వాళ్ళు చూసిన మనిషి నిజంగానే అలాంటోడు కాదు. వాళ్ళకి చూపించిన మొహం వేరు. దీన్ని నువ్వు పట్టుకోగలిగితే నలభై కాదు, ఎనభై ఎపిసోడ్లు నడుస్తాయి, ఒక్క జూమ్ అక్కర్లేకుండా.

వాడు హద్దులు ఎలా చూసుకుంటాడో కూడా ముందు ఎపిసోడ్లలోనే వెయ్యి. బావా మరదళ్ళ సరసం మన ఇళ్ళల్లో ఒప్పుకున్న ఆట. అందరూ కాఫీలు తాగుతుంటే ఆ పిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కుని ఫొటోలు చూస్తాడు. "ఇవ్వు బావా" అంటుంది. ఇవ్వడు. అందరూ నవ్వుతారు. రెండోసారి "ఇవ్వు" అన్నప్పుడు ఆమె గొంతు మారుతుంది. "బావే కదే, సరదాకి" అంటుంది తల్లి. వాడు అప్పుడు ఫోన్ ఇచ్చేస్తాడు. కానీ ఆ క్షణంలో వాడికి కావలసింది తెలిసింది. ఈ పిల్ల వద్దంటే ఈ ఇంట్లో ఎవరూ పట్టించుకోరని. చూసేవాళ్ళు ఆ రోజు నవ్వుకుంటారు. ముప్పై ఎపిసోడ్లయ్యాక, హాల్లో నిలబడి ఆ పిల్ల చెప్పినప్పుడు, తల్లి నోట అదే "బావే కదే" వచ్చినప్పుడు, ఆ నవ్వు వాళ్ళ గొంతులో అడ్డం పడాలి.

ఇంకొక్కటి. ఆ పిల్లకు కూడా వాడంటే ఇష్టం ఉండొచ్చు. వాడి జోకులకు నవ్వి ఉండొచ్చు, వాడి బండెక్కి ఉండొచ్చు. దాచకు. లోపం లేని పిల్లనే నమ్ముతామంటే ఏ పిల్లనీ నమ్మనట్టే.

పదకొండో సీన్ చివర ఫ్రీజ్ వేసి "ఆమె చెబుతున్నది నిజమేనా?" అని వాయిస్ పెట్టావు. అది తీసెయ్. నీ మీద కోపంతో చెప్పడం లేదు, ఈ పొరపాటు చాలా పెద్దవాళ్ళే చేశారు. 2017లో బ్రిటన్ ఐటీవీలో 'లయర్' అని ఆరు ఎపిసోడ్ల డ్రామా వచ్చింది. పేరున్న సర్జన్, భార్య పోయినవాడు, మర్యాదస్తుడు. అతనితో ఒక సాయంత్రం బయటికెళ్ళిన టీచరు, మర్నాడు తన మీద అత్యాచారం జరిగిందంటుంది. ఆ డాక్టరు పాత్రను గొప్పగా రాశారు, నీలాంటివాడు చూసి నేర్చుకోవాలి. కానీ అబద్ధమాడుతున్నది ఎవరన్న ఆటలో, సగం దాకా ప్రేక్షకుల చేత ఆవిణ్ణి అనుమానింపజేశారు. ఆరు ఎపిసోడ్లు వరసగా చూసేవాళ్ళకు చివరికి నిజం తెలుస్తుంది. మన సీరియల్ అలా కాదు. పోపు వేస్తూ సగం, పిల్లలకు జడలు వేస్తూ సగం వింటారు. నెల రోజులు ఊరెళ్ళి వస్తారు. నీ అనుమానం విని, నీ జవాబు వినని వాళ్ళు లక్షల్లో ఉంటారు. వాళ్ళ దగ్గర మిగిలిపోయేది ఆ వాయిసే. నిజం ప్రేక్షకులకు మొదటి రోజే తెలియనివ్వు. ఇంట్లోవాళ్ళు ఎప్పుడు ఒప్పుకుంటారన్నది సస్పెన్స్‌గా పెట్టు. అది చాలు, గుండె పట్టుకుని చూస్తారు.

మాటల దగ్గరికొస్తాను. "మానభంగం", "శీలం పోయింది", "నా జీవితం నాశనమైపోయింది", "ఈ మొహం ఎవరికి చూపించను". ఇవన్నీ నీ సీన్లలో ఉన్నాయి. మానం భంగమైంది ఎవరిది? దొంగతనం జరిగితే పోగొట్టుకున్నవాడి పరువు పోయిందని ఎవరూ అనరు కదా. ఇక ఆకూ ముల్లూ సామెత. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. నేను కనీసం నాలుగు సీరియళ్ళలో వాడాను, సెట్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు నా పాత స్క్రిప్టుల్లో అది కనిపిస్తే కడుపులో తిప్పుతుంది. అందులో ముల్లుకు శిక్ష లేదు చూడు. నోరు మూసుకోవడం తప్ప ఆకుకు దారి లేదు. "లైంగిక దాడి" అనడం డైలాగ్‌లో బరువుగా ఉంటుందంటావు, నిజమే, ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. అయితే ఆ పిల్ల చేత ఆ పిల్ల మాటల్లోనే చెప్పించు. "బావ నన్ను వదల్లేదమ్మా. వద్దన్నా వదల్లేదు." అంతకంటే ఏం కావాలి?

ముప్పయ్యో ఎపిసోడ్ తర్వాత విక్రాంత్‌కూ ఈ పిల్లకూ పెళ్ళి చేసే ఆలోచన ఉందని నీ నోట్‌లో రాశావు. చానెల్‌లో ఎవరో అడిగారట, వాడు మారతాడు, జంట బాగుంటుంది అని. ఆ దారిలో వెళ్ళిన సీరియల్ ప్రపంచంలోకెల్లా పేరున్నదే. అమెరికాలో 'జనరల్ హాస్పిటల్' అనే డైలీ సీరియల్లో 1979లో ల్యూక్ అనేవాడు లారాను బలాత్కరించాడు. తర్వాత వాళ్ళనే ప్రేమజంటగా మార్చారు. 1981 నవంబరులో వాళ్ళ పెళ్ళి ఎపిసోడ్‌ను దాదాపు మూడు కోట్ల మంది చూశారు. అమెరికా డైలీ సీరియళ్ళలో రేటింగుల పరంగా అంత ఘనవిజయం ఇంకోటి లేదు. ఆ ఘనవిజయం ఎంత బరువైందంటే 1998లో అదే సీరియల్ ఆ రాత్రిని మళ్ళీ ఎత్తి, అది అత్యాచారమేనని పాత్రల నోట పలికించాల్సి వచ్చింది.

మన దగ్గర ఇది టీవీతో ఆగదు. ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని "చేతులు కలిపేద్దాం" అంటారు. 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక వేధింపుల కేసులో నిందితుడికి బెయిలిస్తూ, ఆమె ఇంటికెళ్ళి రాఖీ కట్టించుకోమని షరతు పెట్టింది. 2021 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఇలాంటి కేసుల్లో రాజీ అనీ పెళ్ళి అనీ ఏ కోర్టూ సూచించకూడదని చెప్పింది. కోర్టే వద్దన్న పనిని నీ సీరియల్ మంగళవాయిద్యాలతో చేయకూడదు. ఈ ఒక్క విషయంలో నీ ఉద్యోగం పోయినా సరే ఒప్పుకోకు అంటాను. నిన్ను వేరేచోట పెట్టించే పూచీ నాది.

స్టేషన్ సీను, ఆసుపత్రి సీను ఊహించి రాశావు, ఊహ తప్పింది. "మా పరిధి కాదు, వేరే స్టేషన్‌కి పో" అని ఎస్సై అంటాడు, ఆ పిల్ల ఏడుస్తూ వెనక్కొస్తుంది. నేరం ఎవరి పరిధిలో జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు రాసుకోవాల్సిందే, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. వాంగ్మూలం మహిళా అధికారే తీసుకోవాలి. ఆసుపత్రి ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలి, పోలీసు కాగితం వస్తే గానీ ముట్టుకోమనడానికి లేదు. పరీక్షకు ఆమె ఒప్పుకోవాలి. ఆమెకు ముందే లైంగిక అనుభవం ఉందా అని చూసే రెండు వేళ్ళ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, 2022లో మరింత గట్టిగా చెప్పింది. నీ సీన్లో డాక్టరమ్మ బయటికొచ్చి తల అడ్డంగా ఊపుతుంది చూడు, ఆవిడ దేని గురించి తల ఊపిందో నువ్వు ఆలోచించావా? ఎస్సై వెనక్కి పంపడం నిజంగా జరగదా అంటే జరుగుతుంది. రాయి. కానీ అతను తప్పు చేస్తున్నాడని చెప్పే మనిషి ఒకరు ఆ సీన్లో ఉండాలి. అప్పుడు ఇంట్లో చూస్తున్న ఒక్క ఆడపిల్లకైనా "అలా పంపకూడదన్నమాట" అని తెలుస్తుంది. అలాగే టీవీ వార్తల్లో ఆ పిల్ల ఫొటో వేసినట్టు రాశావు. బాధితురాలి పేరు, ఆనవాలు బయటపెట్టడం నేరం, భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. తీసెయ్.

వీలైతే ఇలాంటి ఆడవాళ్ళకు సాయం చేసే చోట్లకు, హైదరాబాద్‌లోని భరోసా కేంద్రానికో, మీ జిల్లా సఖి కేంద్రానికో వెళ్ళు. కేసుల వివరాలు అడక్కు, వాళ్ళు చెప్పరు, చెప్పకూడదు. వచ్చిన అమ్మాయిని ఎక్కడ కూర్చోబెడతారు, ముందు ఏమడుగుతారు, మంచినీళ్ళు ఎవరిస్తారు, అవి అడుగు. 'బ్రాడ్‌చర్చ్' అని బ్రిటిష్ డ్రామా ఉంది, 2017లో వచ్చిన మూడో సీజన్‌కు రాసినవాళ్ళు ఇలాంటి కేంద్రాల వాళ్ళతో కూర్చుని రాశారు. మొదటి ఎపిసోడ్‌లో పెద్ద భాగం ఒక నడివయసు ఆవిడకు జరిగే వైద్య పరీక్షే. నిమ్మళంగా, ఒక్కో అడుగూ అడిగి చేస్తారు. దాడి జరిగిన రెండు రోజులకు గానీ ఆవిడ బయటికి చెప్పలేకపోయింది. ఎందుకు ఆలస్యమైందని మనం అడగబోయేలోపే ఆవిడ మొహం జవాబు చెబుతుంది.

కోర్టు సీను రెండు ఎపిసోడ్లలో ముగించకు. విశాఖ ఏజెన్సీలో వాకపల్లి మహిళలు పదకొండు మంది 2007 ఆగస్టులో తమ మీద అత్యాచారం చేశారని పోలీసుల మీద ఫిర్యాదు చేస్తే, తీర్పు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. నిందితులు విడుదలయ్యారు, దర్యాప్తు సరిగా చేయలేదని కోర్టే అని, ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. పదహారేళ్ళు. లాయరమ్మ బల్ల గుద్ది మాట్లాడితే న్యాయం గెలిచే సీన్ రాసేముందు ఆ పదహారేళ్ళను ఒకసారి తలుచుకో.

ఆ చెల్లెలి పాత్ర వేస్తున్న అమ్మాయి గురించి. బెంగళూరు నుంచి వచ్చింది, ఇరవై రెండేళ్ళు, తెలుగు డైలాగులు పక్కనుంచి అందిస్తే (ప్రాంప్టింగ్ మీద) చెబుతుందని రాశావు. నువ్వు ఏడో సీన్ రాస్తే, ఆ అమ్మాయి రాత్రి షెడ్యూల్లో, నలభై మంది మగవాళ్ళ మధ్య దాన్ని అయిదారు టేకులు చేయాలి. బ్రిటిష్ రచయిత్రి, నటి మైకేలా కోయెల్ లైంగిక దాడి మీద రాసిన తన డ్రామా 'ఐ మే డిస్ట్రాయ్ యూ'కు 2021లో బాఫ్టా అనే బ్రిటన్ టీవీ అవార్డు అందుకున్నప్పుడు, దాన్ని సెట్‌లో నటుల క్షేమం చూసిన ఇంటిమసీ కోఆర్డినేటర్‌కు అంకితమిచ్చింది. మన సెట్లలో అలాంటి మనిషి ఇంకా అరుదు. కాబట్టి ఆ అమ్మాయిని కాపాడగల మొదటి మనిషివి నువ్వే, కాగితం మీదే.

చివరిగా ఎనిమిదో సీన్లోని తల్లి. నువ్వు ఆవిణ్ణి రాక్షసిలా రాశావు. కూతుర్ని చెంప మీద కొట్టి "లేనిపోని నిందలేస్తావా" అంటుంది. అలాంటి తల్లులూ ఉంటారు. కానీ ఆ బీరకాయల అమ్మాయి కథ నీకు సగమే చెప్పాను.

ఆ మర్నాడు నిద్రపట్టక, పొద్దున్నే వాళ్ళ ఇంటికెళ్ళాను. ఆ పిల్ల కాలేజీకి వెళ్ళిపోయింది. తల్లి వాకిట్లో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నేను చుట్టూ తిప్పకుండా అడిగాను, మీ అమ్మాయి నాకో మాట చెప్పింది, మీరెందుకు నమ్మలేదమ్మా అని. చాలాసేపు మాట్లాడలేదు. ఒక్కో రాయీ ఏరి పక్కన పెడుతోంది. చివరికి చాట ఒళ్ళో పెట్టుకుని అంది: "చెప్పిన క్షణంలోనే నమ్మానండీ. నమ్మానని చెబితే, తర్వాత ఏం చేయాలి నేను? మా ఆయన అప్పు వాడి దగ్గరే ఉంది. ఈ ఇల్లు వాడి పేరు మీదే ఉంది."

ఆవిడకు ఏం జవాబు చెప్పాలో ఆ రోజు నాకు తెలియలేదు. ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు ఒకామె సాయంతో ఆ పిల్లను తర్వాత విజయవాడలో హాస్టల్‌కు మార్పించగలిగాం. వాడికేమీ కాలేదు. అదే ఊళ్ళో ఉన్నాడు.

శనివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను. ఎనిమిదో సీన్ మళ్ళీ రాసి తీసుకురా, ఎన్ని పేజీలైనా పర్వాలేదు. ఆ తల్లి చేతికి ఏదో ఒక పని ఇవ్వు. ఏడో సీన్ తేవద్దు.

ఆశీస్సులతో,
అమ్మ
(నువ్వు అలాగే పిలుస్తావు కాబట్టి)